పేరు పెట్టే హక్కు ఎవరిది?

మా మల్లెతీగ పేరు రంగమ్మ, పిల్లి పేరు బంగారి, పాత కారు పేరు గౌరి. పిల్లల్లేని లోటు ఇలా తీర్చుకుంటున్నానని చుట్టాలంటారు. కనాలా వద్దా అని నేనూ నా సహచరుడూ ఇంకా ఆలోచిస్తున్నాం. ముద్దుపేర్లు మా సరదా. ఆలోచించుకోవడం నా హక్కు.

ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 చట్టంలోని నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ఆ ఏడాదే ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు పిలుపునిచ్చారు. వద్దన్నప్పుడు గానీ, కనమన్నప్పుడు గానీ మనల్ని అడిగిందెవరు?

కనడమూ, కనకపోవడమూ స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. ఆ మాట ఇంకా మన ఇళ్ల గడప దాటి లోపలికి రాలేదు. కనని స్త్రీకి "గొడ్రాలు" అని పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ పేరును ముందు మన నోళ్లలోంచి, మన సమావేశాల్లోంచి తీసేద్దాం.