నీళ్ల కిట్లు, నీటి మూటలు

ట్రాక్టరుకు నీళ్ల కిట్టు బిగిస్తే డీజిల్ మూడో వంతు మిగులుతుందని చెప్పుకుంటూ కొందరు ఊళ్లమీద పడ్డారు. మా ఊళ్లో ఒక రైతు 18 వేలు పోసి పెట్టించుకున్నాడు. వడ్డీకి తెచ్చిన డబ్బు. మొదటి వారం డీజిల్ నిజంగానే కొంత తగ్గింది. నేనూ నమ్మబోయాను. తీరా ఆరా తీస్తే, కిట్టు బిగించినవాడు పనిలో పనిగా ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, ఇంజెక్టర్లు సరిచేసి పోయాడు! ఆ తర్వాత ఒకే చేలో ట్యాంకు అంచుదాకా నింపి, వైరు కలిపి ఒక ఎకరం, వైరు పీకి ఒక ఎకరం దున్ని చూశాం. తేడా లేదు.

ఎందుకుంటుంది? సీసాలో నీళ్లను హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టేది కరెంటు. ఆ కరెంటు ఇచ్చేది డైనమో, దాన్ని తిప్పేది ఇంజిన్, ఇంజిన్ తాగేది మనం పోసిన డీజిలే. విడగొట్టడానికి పెట్టిన శక్తి కంటే ఆ గ్యాసు మండితే వచ్చేది తక్కువే. లెక్క చూడండి. 12 వోల్టుల మీద 20 ఆంపియర్లు అంటే 240 వాట్లు. 40 హార్స్‌పవర్ ఇంజిన్ అంటే సుమారు 30,000 వాట్లు. నూటికి ఒక వంతు కూడా లేనిది మూడో వంతు ఎలా మిగులుస్తుంది? డీజిల్ బాగా మండుతుందంటారా, బాగున్న ఇంజిన్‌లో అది ఎలాగూ దాదాపు మొత్తం మండుతుంది.

ఇంజిన్‌లోకి నీళ్లు చిమ్మడం అబద్ధమని నేననడం లేదు. రెండో ప్రపంచ యుద్ధ విమానాల్లో చిమ్మారు, బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ కారులోనూ ఉంది. అక్కడ నీళ్లు చేసేది లోపలి గాలిని చల్లబరిచి, పెట్రోలు వేళకు ముందే అంటుకోకుండా ఆపడం. నీళ్లు ఇంధనం కావు. అమెరికాలో నీళ్లతో కారు నడుపుతానన్న స్టాన్లీ మేయర్‌ది మోసమని 1996లో ఒహాయో కోర్టు తేల్చింది. అదే ఏడాది మన పక్కనే తమిళనాడులో రామర్ పిళ్లై ఆకులూ నీళ్లూ కాచి పెట్రోలు చేస్తానంటే పెద్దపెద్దవాళ్లే నోరు తెరిచారు. 2016లో చెన్నై కోర్టు అతనికి మూడేళ్ల జైలు శిక్ష వేసింది.

పైగా ఆ గ్యాసు పేలే గ్యాసు. సీసాలో కలిపే కాస్టిక్ కంట్లో పడితే చూపు పోవచ్చు. దాన్ని వేడి సైలెన్సర్ పక్కన కట్టిస్తున్నారు.

రైతు ఈ మాటలకు ఎందుకు లొంగుతున్నాడో పాలకులకు తెలియదా? 2020 మేలో ప్రపంచమంతా ముడిచమురు ధర పడిపోయి ఉంటే, కేంద్రం డీజిల్ మీద ఎక్సైజు సుంకం లీటరుకు 13 రూపాయలు ఒక్క దెబ్బన పెంచింది. దాని మీద రాష్ట్రాల వ్యాట్. దుక్కికి కొట్టించే డీజిలుకూ, షికారు కారుకు కొట్టించే డీజిలుకూ ఒకటే పన్ను! సేద్యపు డీజిల్ మీద పన్ను ఎత్తేయాలన్న మన డిమాండును ఈసారి మండల కార్యాలయాల దగ్గర గట్టిగా వినిపించాలి.

కిట్లు కొన్నవాళ్లు రసీదు, కరపత్రం పారేయకండి. సంఘం ఆఫీసుకు తెండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదులు కలిసి వేద్దాం. రసీదు ఇవ్వలేదంటే, ఫోనులో డబ్బు పంపిన వివరమైనా తెండి.