బడి బస్సు ఆగని గుమ్మం

పొద్దున్న ఏడున్నర అయ్యేసరికి నాచారం రోడ్డు పసుపుపచ్చగా మారిపోతుంది. హబ్సిగూడ వైపు నుంచి వచ్చే స్కూలు బస్సులు, మల్లాపూర్ వైపు నుంచి దూసుకొచ్చే వ్యాన్లు, ముందొకరు వెనకిద్దరు కూర్చున్న స్కూటర్లు, బ్యాగులు బయటికి వేలాడేసుకున్న ఆటోలు. ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో టై పట్టుకుని పరుగెత్తే అమ్మలు. ఎనిమిదిన్నర దాటిందంటే వీధి ఒక్కసారిగా ఖాళీ.

ఈ హడావిడి అంతటి మధ్యా ఒక గుమ్మం ముందు మాత్రం ఏ బస్సూ ఆగదు. లోపల పిల్లలున్నారు. జ్వరం కాదు, సెలవూ కాదు. వాళ్లు బడికి వెళ్లరు, అంతే. అమ్మానాన్నలే ఇంట్లో చదివిస్తున్నారు.

హోమ్ స్కూలింగ్ అనే మాట మన ఇళ్లలో ఇప్పటికీ కొత్తే. పేరూ ఊరూ పెట్టకుండా అలాంటి ఇంటిని ఒకదాన్ని ఊహించుకుందాం. నాన్నది ఉప్పల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మ కూడా ఎమ్మెస్సీ చదివి కొన్నాళ్లు ఉద్యోగం చేసింది, తర్వాత మానేసింది. పదేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి. భువనగిరి నుంచి వచ్చి ఉంటున్న నాయనమ్మ.

ఈ ఇంట్లో తొలి పాఠం చాలాసార్లు వంటింట్లోనే మొదలవుతుంది. దోసెలపిండికి మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినప్పప్పు. మరి చుట్టాలొచ్చారు, ఐదు గ్లాసుల బియ్యం పోస్తే పప్పెంత? అబ్బాయి గ్లాసులు పట్టుకుని కొలుస్తాడు, అమ్మాయి కాగితం మీద లెక్క కడుతుంది. ఇద్దరి జవాబూ కలిస్తే పిండి రుబ్బుతారు. కలవకపోతే ముందు పోట్లాట, తర్వాత పిండి. ఇదంతా వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ భిన్నాల తర్వాత బీజగణితం వస్తుంది. దానికి గ్లాసులూ మినప్పప్పూ సరిపోవు. అమ్మ రాత్రి పదకొండింటి దాకా కూర్చుని మర్నాటి పాఠం తాను ముందు చదువుకోవాలి. టీచరుకి నెల తిరిగితే జీతమైనా వస్తుంది. ఈ అమ్మకి వచ్చేది, ‘ఇంట్లోనే ఉంటారుగా, మా వాడినీ కాస్త చూస్తారా’ అనే పక్కింటి వాళ్ల పలకరింపు.

ఆ పైన ప్రశ్నలు. కొత్తిమీర కోసం పదకొండింటికి కిరాణా కొట్టుకెళ్లిన పిల్లవాణ్ని కొట్టాయన ఆపుతాడు.

“ఏం బిడ్డా, ఇయ్యాల బడి లేదా?”

“మేం బడికి పోం అంకుల్. ఇంట్లనే చదువుతం.”

“అరె, ఫీజు కట్టలేదా ఏంది?”

పిల్లాడు ఈ మాట యథాతథంగా ఇంటికి మోసుకొస్తాడు. నాయనమ్మ గుండెలో కలుక్కుమంటుంది. ఈ నిర్ణయం ఆమెకు మొదట్నుంచీ ఇష్టం లేదు. ఆమె చిన్నప్పుడు అన్నదమ్ములు బడికెళ్తుంటే తాను బర్రెల వెంట వెళ్లింది. సంతకం నేర్చుకున్నది పెళ్లయ్యాకే. “నన్ను తోలలేదని నేనేడిస్తి. వీళ్లేమో ఉండి కూడా తోలరాయె” అంటుంది. కొడుకు పుస్తకాలు చూపిస్తాడు, కోడలు పిల్లల నోటుబుక్కులు చూపిస్తుంది. ఆమె తల ఊపుతుంది గానీ, సాయంత్రం గుడి దగ్గర ఎవరైనా ‘మనవరాలు ఏ బడి’ అని అడిగితే మాట మార్చేస్తుంది.

నాయనమ్మ బాధ ఆమె ఒక్కదానిదే అనుకుంటే పొరపాటు. ఉప్పల్ చుట్టుపక్కల చరిత్రలోనే ఆ బాధ ఉంది. 2016లో జిల్లాలు విడగొట్టి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పాటు చేసేదాకా ఉప్పల్ రంగారెడ్డి జిల్లాలో భాగం. పనిలో ఉన్న పిల్లల్ని బడికి చేర్చే ఉద్యమానికి పేరు తెచ్చిన జిల్లా అది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో ఈ పని మొదలుపెట్టింది ఈ జిల్లా పల్లెల్లోనే. దాన్ని నడిపించిన శాంతా సిన్హాకి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ సంస్థ చెప్పిన సూత్రం చాలా చిన్నది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాల కార్మికుడే. ‘ఇంట్లో పనే కదా చేస్తోంది’, ‘తమ్ముణ్నే కదా ఎత్తుకుంటోంది’ లాంటి మినహాయింపులు లేవు. మినహాయింపు ఇచ్చిన ప్రతిచోటా ఒక ఆడపిల్ల చదువు ఆగిపోయింది కాబట్టే అంత కచ్చితంగా చెప్పాల్సి వచ్చింది.

ఆ లెక్కన నాచారం ఇంట్లో బీజగణితం చేసుకుంటున్న అమ్మాయి ఎవరు? బాల కార్మికురాలు కాదని అందరికీ తెలుసు. కానీ పారిశ్రామికవాడలో ఏదో షెడ్డు వెనక పనిచేసే పిల్లాడి తండ్రి కూడా ‘మావాడు ఇంట్లోనే చదువుకుంటున్నాడు సార్’ అంటే, తనిఖీకి వచ్చిన ఉద్యోగి ఇద్దరి మధ్యా తేడా ఎలా పట్టుకోవాలి? ఇంటి చదువు కోరుకునే తల్లిదండ్రులు చిరాకు పడకుండా జవాబు వెతకాల్సిన ప్రశ్న ఇది.

చట్టం కూడా ఈ ముడిని పూర్తిగా విప్పలేదు. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య ఇవ్వాలంది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్ చెబుతుంది. చేర్చకపోతే వాళ్లకు ఫలానా శిక్ష అని మాత్రం ఎక్కడా రాయలేదు. ఇంట్లో చదివించుకోవచ్చు అనీ లేదు, కూడదు అనీ లేదు. బాధ్యత ప్రధానంగా సర్కారు మీద పెట్టిన చట్టం కాబట్టి, ఇళ్లలో చదువుకునే పిల్లల జోలికి ఎవరూ పెద్దగా రావడం లేదు. గోడ మీద కూర్చున్నట్టే ఉంటుంది వీళ్ల పని.

అసలు ఇంటి చదువు మనకు కొత్తా? తెలుగులో తొలితరం కథకురాలు భండారు అచ్చమాంబ (1874-1905) ఏ బడి మెట్లూ ఎక్కలేదు. ఆమెకు చదువు చెప్పింది తమ్ముడు. ఆ తమ్ముడు తర్వాత విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు. తమ్ముడు బడిలో నేర్చుకున్నది ఇంటికొచ్చి అక్కకి చెప్పేవాడన్నమాట. అయితే అప్పట్లో ఆడపిల్లకి ఇల్లు తప్ప వేరే దారి లేదు. ఇప్పటివాళ్లకు దారి ఉండీ ఇల్లు ఎంచుకుంటున్నారు. రెండూ ఒకటేనని వాదించేవాళ్లు నాయనమ్మని ఒకసారి అడిగితే మంచిది.

హైదరాబాద్‌లో ఈ మాట ఎత్తితే అందరి నోటా మొదట వచ్చే పేరు నైనా జైస్వాల్. టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి. 2000లో పుట్టిన ఈ అమ్మాయికి అమ్మానాన్నలే ఇంట్లో చదువు చెప్పారు. ఎనిమిదేళ్లకే కేంబ్రిడ్జి బోర్డు ద్వారా పదో తరగతి, పదేళ్లకు ఇంటర్, పదమూడేళ్లకు జర్నలిజంలో డిగ్రీ, పదిహేనేళ్లకు పీజీ పూర్తిచేసింది. ఆ తర్వాత డాక్టరేటు. తమ్ముడు అగస్త్య కూడా తొమ్మిదేళ్లకు పదో తరగతి, పద్నాలుగేళ్లకు డిగ్రీ ముగించాడు. ఇద్దరి కథా పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఇది చదివిన చాలామంది నాన్నలకు ఇంటి చదువంటే పరుగుపందెంలా కనబడుతుంది. బడి మాన్పించింది పరుగు తగ్గించడానికా, పెంచడానికా అన్నది ముందు తేల్చుకోవాలి. ప్రతి ఇంట్లోనూ నైనా ఉండదు. ఉండక్కర్లేదు కూడా.

మామూలు పిల్లలకు దారి ఓపెన్ స్కూల్. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలై, 2002లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్‌గా పేరు మార్చుకున్న ఎన్ఐఓఎస్ ఇది. రాష్ట్ర సర్కారుకీ సొంత ఓపెన్ స్కూల్ ఉంది. పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి. ఎన్ఐఓఎస్‌లో ఎనిమిది పాసైన కాగితం లేకపోయినా, ఈ కోర్సు చదవగలిగినంత చదువుకున్నానని సొంతంగా రాసిస్తే చాలు. ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి. తెలుగు మీడియంలోనూ రాయొచ్చు. ఒకేసారి అన్నీ గట్టెక్కక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తారు. మార్చిలో ఒక్క పేపరు పోతే ఏడాదంతా ఏడ్చే ఇళ్లకు ఈ సంగతి తెలిస్తే ఎంత బావుణ్ను! మెడిసిన్ మాటేమిటని అడుగుతారు. ఓపెన్ స్కూల్ విద్యార్థులు నీట్ రాయకూడదని పెట్టిన నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాక రాష్ట్రంలో ప్రతి ఇల్లూ బడే అయింది. ఆ సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో సర్కారు బడి పిల్లలకు పాఠాలు వచ్చాయి. ఉప్పల్ పిల్లలకైతే ఆ దూరదర్శన్ కేంద్రం పక్కనే, రామంతాపూర్‌లో. కానీ దాన్ని ఇంటి చదువు అనలేం. అది బడే, గోడలు మారాయంతే. పైగా ఫోను ఒకటే ఉన్న ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ఏమవుతుందో అప్పుడు అందరూ చూశారు.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. పిల్లలకు వీధే బడి కావాలంటే ఉప్పల్-నాచారం దారి అంత మంచి చోటు దొరకడం కష్టం. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు మీదే భూమి లోపలి కదలికల్ని కనిపెట్టే ఎన్‌జీఆర్ఐ, దానికి దగ్గర్లోనే జీవకణాల గుట్టు విప్పే సీసీఎంబీ. ఇంకాస్త ముందుకెళ్తే దేశపటాలు గీసేవాళ్లకు శిక్షణ ఇచ్చే సర్వే ఆఫ్ ఇండియా సంస్థ. మామూలు రోజుల్లో గేటు దాటనివ్వరు గానీ, సెప్టెంబరు 26న సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం వస్తుంది. ఆ రోజుల్లో ప్రయోగశాలలు పిల్లల కోసం తలుపులు తెరుస్తుంటాయి. అయితే అక్కడికి బడుల పిల్లలు యూనిఫాంలో, వరసలో, టీచరు వెంట వస్తారు. మామూలు గౌనులో అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్ల ఏ వరసలో నిలబడాలి?

ఈ చిక్కు అన్నిచోట్లా ఎదురవుతుంది. పోటీ దరఖాస్తులో పేరు, తండ్రి పేరు, ఆ తర్వాతి గడి పాఠశాల. క్విజ్‌కైనా, బొమ్మల పోటీకైనా అదే గడి. ఆటల్లో అయితే మరీ. స్కూలు క్రీడల పోటీల్లో ఆడాలంటే బడి ఇచ్చే బోనఫైడ్ ఉండాల్సిందే. ఉప్పల్ స్టేడియం గోడ కనిపించేంత దూరంలో పెరిగే అబ్బాయి బ్యాటు ఎంత బాగా తిప్పినా, ఏదో ఒక క్లబ్బులోనో అకాడమీలోనో డబ్బు కట్టి చేరితే తప్ప మ్యాచ్ దొరకదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పుకోవాలి. ఫీజులు మిగులుతాయి కదా అంటారు. మిగిలేది ఫీజు, పోయేది ఒక జీతం. ఆ పోయే జీతం ఎవరిది? చెప్పక్కర్లేదు. నాన్న ఆదివారం పిల్లల్ని మెట్రో ఎక్కించి స్టేషన్లు లెక్కపెట్టించి, ‘ఈ రోజు నేను చెప్పాను పాఠం’ అని సంబరపడతాడు. మిగతా ఆరు రోజులు అమ్మవి. పిల్లలు ఎనిమిదింటి నుంచి మూడింటి దాకా ఇంట్లో లేని ఆ కాసేపే చాలామంది ఆడవాళ్లకు తమదంటూ మిగిలిన సమయం. ఈ అమ్మకి అదీ లేదు. వాళ్ల గణితం రాకపోతే తప్పు తనది, వాళ్లు ఎదుటివాళ్లతో మాట్లాడకపోతే తప్పు తనది, వాళ్లు ఎక్కువ మాట్లాడినా తనదే. ఇంటి చదువు గురించి ఇద్దరూ కలిసి నిర్ణయించామని చెప్పే ఇళ్లలో, పనిని ఇద్దరూ ఎలా పంచుకున్నారో కూడా అడగాలి.

ఊహించుకున్న ఇంట్లో ఈ మధ్య ఒక చిన్న మార్పు వచ్చిందనుకుందాం. మధ్యాహ్నం రెండింటికి అమ్మ గది తలుపు వేసుకుంటుంది, ఒక గంట. అప్పుడు పాఠం నాయనమ్మది. భువనగిరి కోట, బావిలో ఈత, బతుకమ్మకు ఏ పువ్వు కింద ఏ పువ్వు పేర్చాలి, బర్రె ఈనేటప్పుడు ఏం చేయాలి. అమ్మాయి అవన్నీ నోటుబుక్కులో రాసుకుంటుంది. రాసింది చదివి వినిపిస్తే నాయనమ్మ తప్పులు దిద్దుతుంది. తర్వాత వంతు మారుతుంది. పిల్ల పేపరు తెచ్చి ముందు పెడుతుంది, నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని పెద్దక్షరాల హెడ్డింగు కూడబలుక్కుంటుంది. ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. పిల్ల తొందరపెట్టదు.

నాలుగున్నరకు బస్సులు తిరిగొస్తాయి. బ్యాగులు గుమ్మాల్లో పడతాయి. కింద నుంచి కేక వినబడుతుంది, “వస్తున్నవా, ఇద్దరు తక్కువున్నరు!” అబ్బాయి చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగుతాడు. ఆరింటికి అందర్నీ ట్యూషన్‌కి పిలుస్తారు. ఆట సగంలో ఉంటుంది. బంతి పట్టుకుని వాడొక్కడూ కాసేపు గోడకు కొట్టుకుంటూ ఉంటాడు.