గిన్నె చల్లారేదాకా

ధర్మపురి వెళ్ళేవారిలో చాలామంది అక్కడ ఒక పూటకు మించి ఉండరు. దక్షిణవాహినిగా సాగే గోదావరిలో స్నానం, లక్ష్మీనరసింహస్వామి దర్శనం, అదే ప్రాంగణంలోని యమధర్మరాజు గుడిలో ఒక దండం, పులిహోర పొట్లం, తిరుగుప్రయాణం. నేనూ ఇన్నాళ్ళూ అంతే. మొన్న ఒక మిత్రుని మేనత్తగారింట రెండు రాత్రులు ఉన్నాక, ఇంతకాలం గుడిని చూశాను గాని ఊరిని చూడలేదని తెలిసింది.

ఆ ఇల్లు పాతకాలపుది. వీధి అరుగు, చెక్క స్తంభాలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి. సాయంత్రం ఆవిడ సర్వపిండి చేశారు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి, గిన్నె లోపల పలుచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి, మూతపెట్టి సన్నని సెగమీద ఉంచారు. ఒకటి తిన్నాక రెండోదానికి తొందరపడ్డాను.

"గిన్నె సల్లారాలె గద బిడ్డా! కాలే గిన్నెల పిండి ఎట్ల ఒత్తుత?" అన్నారావిడ.

ఈ నిదానమే ఆ ఊరి అందమని రాసి ముగించవచ్చు. పాత ఊళ్ళ గురించి మనం రాసుకునేవి చాలావరకు అలాగే ముగుస్తాయి. కాని మర్నాడు ఆవిడ కొడుకు, ఇల్లు పడగొట్టి స్లాబు వేస్తామని చెప్పాడు. ఏటా పెంకులు సర్దించాలి, ఆ పని తెలిసినవారు దొరకడం లేదు, వానకు కారుతుంది. "మీకు సూడ సక్కగుంటది అన్నా, ఉండేటోళ్ళం మేం గద" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఫ్రాన్సులోని చిన్న పట్టణాల తిండినీ, పాత వీధులనూ పొగడని యాత్రికుడు అరుదు. ఆ సొగసు దానంతట అది నిలవలేదు. రచయిత, సాంస్కృతిక మంత్రి అయిన ఆంద్రె మాల్రో పేరిట 1962లో వచ్చిన చట్టం పాత పేటలకు రక్షణ కల్పించింది. అక్కడ పాత ఇళ్ళను బాగుచేయించేవారికి పన్నులో రాయితీలూ వచ్చాయి. 2010లో ఫ్రెంచివారి భోజన సంప్రదాయం యునెస్కో జాబితాకెక్కింది. అందం అందరిదీ అనుకున్నప్పుడు ఖర్చు కూడా అందరూ పంచుకోవాలన్నదే అందులోని నీతి.

నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఊరికి ఆ మాత్రం అర్హత లేదా? పన్నెండేళ్ళకోసారి వచ్చే పుష్కరాలకు ఘాట్ల మీదా రోడ్ల మీదా చూపే శ్రద్ధలో కొంత పెంకుటిళ్ళ మీద చూపాలి. పాత ఇంటి మరమ్మతుకు సాయం చేయాలి. అటువంటి ఇళ్ళలో యాత్రికులు డబ్బిచ్చి బస చేసే ఏర్పాటు ఉంటే, ఇల్లు బరువు కాక ఆధారమవుతుంది. ఏ సాయమూ చేయకుండా "పడగొట్టవద్దు" అనే హక్కు మాత్రం నాకు లేదు.

మిత్రులారా, ఈసారి ధర్మపురి వెళితే ఒక రాత్రి ఉండండి. తిన్నదానికి, ఉన్నదానికి వెల ఇవ్వండి. రెండో సర్వపిండి కావాలంటే, గిన్నె చల్లారేదాకా అరుగు మీద కూర్చోండి. అరుగంటూ మిగిలి ఉంటే.