మొత్తం చూసి నిషేధమా?

సెలవుల్లో మన పిల్లలకు పెట్టబోయే పోకెమాన్ పోటీకి 'మొత్తం 600 దాటిన మెగా రూపాలు వద్దు' అని నియమం రాశారు. ఇదేం లెక్కండీ? 2013లో ఎక్స్, వై ఆటలతో మెగా రూపాలు వచ్చాయి. మారినప్పుడు దాదాపు అన్నిటికీ కలిసేది అవే 100 పాయింట్లు. అవి ఎక్కడ పడ్డాయన్నదే అసలు సంగతి.

గార్చాంప్ 700కు చేరుతుంది, కానీ వేగం 102 నుంచి 92కు పడిపోతుంది. మామూలు రూపమే మేలనే ఆటగాళ్లు బోలెడుమంది. మావైల్ మొత్తం 480 మాత్రమే, అయితే 'హ్యూజ్ పవర్' వల్ల దాడి బలం రెట్టింపు! మీ నియమం గార్చాంప్‌ను గెంటేసి మావైల్‌కు తలుపు తీస్తోంది. రేక్వాజాకు మెగా రాయి కూడా అక్కర్లేదు, దాన్ని ఆపండి, కాదనను. మిగతావాటి సంగతి ఆడే పిల్లల్ని పిలిచి అడగండి. అసలు కమిటీలో ఈ ఆట ఆడినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?