మూసీ కలిసే చోట



పొందుగల వంతెన దాటి వాడపల్లి వెళ్ళినప్పుడల్లా అగస్త్యేశ్వరుని దర్శించుకొని సంగమంలో మూడు మునకలు వేయడం నా చిరకాలపు అలవాటు. ఈమధ్య మానుకున్నాను. భక్తి సన్నగిల్లి కాదు. అక్కడ కృష్ణలో కలిసే మూసీ హైదరాబాదు మురుగును మోసుకొస్తున్నదని ఎరిగి.

"శుద్ధి చేసే వదులుతున్నారు కదండీ మాస్టారూ!" అన్నాడొక పూర్వవిద్యార్థి. నిజమే, అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధిచేయగల కేంద్రమున్నది. నా పేచీ ఆ 'శుద్ధి' అన్న మాటతోనే. మన నిబంధనలు మురుగుశుద్ధి కేంద్రాలను అడిగేది బీఓడీ, తేలియాడే మలినాలు, కోలిఫారం వంటి లెక్కలే. హార్మోన్ల ఊసు లేదు.

మన దేహం విసర్జించే ఈస్ట్రోజెనుకు కాలేయం ఒక చక్కెర ఆమ్లాన్ని జోడించి నిర్వీర్యం చేసి పంపుతుంది. మురుగులోని బాక్టీరియా ఆ జోడింపును తెంచివేస్తుంది. (కాలేయం చేసిన సంధిని బాక్టీరియా విడదీస్తున్నదన్నమాట. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది!) గాలి కొట్టే తొట్లలోని సూక్ష్మజీవులు సహజ ఈస్ట్రోజెనును చాలావరకు తినేస్తాయి. గర్భనిరోధక మాత్రలలోని ఇథినైల్ ఈస్ట్రాడయోల్ మాత్రం మొండిఘటం. కొంత బురదకు అంటుకుంటుంది, కొంత నీటితో సాగిపోతుంది.

ఎంత ఉంటే ప్రమాదం? కెనడాలో ఒక ప్రయోగపు సరస్సులో 2001 నుండి 2003 వరకు ఈ మందును లీటరుకు 5, 6 నానోగ్రాముల చొప్పున కలిపారు. మగచేపల్లో గుడ్డుసొనకు చెందిన ప్రోటీను పుట్టింది. ఒక చిన్నచేప జాతి ఇంచుమించు అంతరించింది. నానోగ్రామంటే గ్రాములో నూరుకోట్లవ వంతు. మన పులిచింతల 45.77 టీఎంసీలతో నిండుగా ఉన్నప్పుడు ఆ పాళ్ళు రావడానికి ఆరున్నర కిలోల మందు చాలు. లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఉపాయం లేకపోలేదు. ఓజోను వాయువు గాని, ఉత్తేజిత బొగ్గు గాని ఈ శేషాన్ని చాలావరకు తొలగిస్తుంది. ఖర్చు ఎక్కువ. యూరపు దేశాలు 2024లో చేసిన చట్టం, ఆ అదనపు ఖర్చులో కనీసం 80 శాతం మందుల, సౌందర్యసాధనాల తయారీదారులే భరించాలన్నది. ఔషధరాజధానిగా చెప్పుకునే నగరానికి ఇది అన్యాయమని నాకు తోచదు. యంత్రాలు తరువాత, ముందు అంబర్‌పేట తూమువద్ద, వాడపల్లివద్ద కొలిచి, ఆ అంకెలు ప్రజల ముందుంచమనండి.

మా నరసరావుపేటకు సాగరు కుడికాలువ నీరు. అది సంగమానికి ఎగువనుంచే వస్తుంది గనుక నేను నిశ్చింతగా కాఫీ తాగవచ్చు. పొందుగల దిగువన వలవేసే వారికి, బ్యారేజీ నీరు తాగే బెజవాడ వారికి ఆ వెసులుబాటు లేదు.