మతం గడిలో ఇరుక్కున్న హక్కు

గౌరవనీయులు జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారికి,

మతం మారిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వచ్చా లేదా అన్నది పరిశీలించమని 2022 అక్టోబరులో కేంద్రం మీ అధ్యక్షతన కమిషన్ వేసింది. రెండేళ్లన్న గడువు పొడిగింపుల్లో పడింది. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన తొలి దళితులు మీరు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌నూ నడిపారు. మీకు చట్టం చెప్పేంతవాణ్ని కాను. గుంటూరు జిల్లా బడుల్లో అడ్మిషన్ రిజిస్టర్లు రాసిన పంతుల్ని. ఆ రిజిస్టర్లో ‘మతం’ అనే గడి మనుషుల చేత ఏం చేయిస్తుందో చెప్పగలను.

జూన్‌లో బడి తెరవగానే మాలపల్లె, మాదిగపల్లె తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. పిల్ల పేరేమిటమ్మా అంటే మరియమ్మ అని నోరు జారి, ఆ వెంటనే “మహాలక్ష్మి అని రాయండి సారూ” అనేవారు. మతం? “హిందూ అనే వేసుకోండి.” ఆ మాటకు గొంతు తగ్గేది. ఆదివారం వస్తే ఆ తల్లే తెల్లచీర కట్టి, బైబిలు సంచిలో పెట్టుకుని చర్చికి నడిచేది. ఆమెను అబద్ధాలకోరు అనడానికి నాకు నోరు రాదు. క్రైస్తవురాలని రాయిస్తే బిడ్డ బీసీ-సి అవుతుంది. ఎస్సీల 15 శాతం కోటాలోంచి ఒక్క శాతంలోకి పడుతుంది. రేపు పెద్దయ్యాక ఎస్సీ రిజర్వుడు సీటుకు నామినేషన్ వేయలేదు. కులం పేరెత్తి కొట్టినా అట్రాసిటీ కేసు నిలబడదు. ఈ చివరి సంగతి 2025 ఏప్రిల్ 30న మా హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో తేల్చి చెప్పింది: క్రైస్తవంలో కులం లేదు గనక అట్రాసిటీ చట్టం రక్షణ కూడా లేదని.

కులం లేదన్న సంగతి బైబిలుకు తెలుసు. ఊరికి తెలియాలి కదా! 1985 జూలైలో కారంచేడు మాదిగల మీద పడ్డవాళ్లు, 1991 ఆగస్టులో చుండూరు మాలల్ని వెంటాడి చంపినవాళ్లు, ఎవరు బాప్తిస్మం తీసుకున్నారో, ఎవరు తీసుకోలేదో విచారించి కత్తి దూయలేదు. కవి జాషువా క్రైస్తవుడై పుట్టారు. అయినా అంటరానివాడనే అవమానించారు. అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగం 17వ అధికరణంలో మతం ఊసే లేదు. ఆ ఊసు తెచ్చింది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా. మొదట హిందువులకే అన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. కులాన్ని ఒప్పుకోని మతాలే అవీ! క్రైస్తవానికీ ఇస్లాముకూ మాత్రం ఆ తర్కం తలకిందులైంది. గిరిజనులకైతే ఈ గొడవే లేదు, అరకులో చర్చికెళ్లే గిరిజనుడు ఎస్టీగానే ఉంటాడు. ఇంకో వింత. క్రైస్తవుల సంతానం తిరిగి హిందువై, కులంవాళ్లు కలుపుకుంటే ఎస్సీ హోదా దక్కుతుందని 2015లో సుప్రీంకోర్టే చెప్పింది. అంటే కులం చర్చి గడప దగ్గర పడుకుని, మనిషి బయటికి రాగానే లేచి వెంట నడుస్తుందన్నమాట.

మూడో పేరా తీసేయమని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2023 మార్చిలో మా శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. కాగితాలకు కొదవ లేదు.

అవతలి మాట కూడా వినాల్సిందే. “మిషన్ బడుల్లో చదువుకుని పైకొచ్చినవాళ్లు మా వాటాకొస్తారు” అని హిందువులుగా ఉన్న మాల, మాదిగ కుర్రాళ్లు అంటారు. ఆ భయం ఉత్తిది కాదు. మీ పరిశీలనాంశాల్లోనూ అది ఉంది. అయితే ఎవరు ఎంత వెనకబడ్డారో లెక్కగట్టి పంచొచ్చని ఎస్సీ వర్గీకరణతో రెండు తెలుగు రాష్ట్రాలూ 2025లో చూపించాయి. లెక్కగట్టాల్సింది చదువునీ భూమినీ ఉద్యోగాన్నీ. ఎవరికి మొక్కుతారన్నది ఆ లెక్కలోకి ఎందుకొస్తుంది?

చర్చి పెద్దల్నీ బోనెక్కించండి. వేదిక మీద కులం లేదంటారు. పెళ్లి సంబంధాల దగ్గర రెడ్డి క్రిస్టియన్లకు రెడ్డి క్రిస్టియన్లే కావాలి. దళితుల్లోంచి తొలి కార్డినల్ రావడానికి, మన పూల ఆంతోని గారి రూపంలో, 2022 దాకా పట్టింది. అలాగని మతం మంచి చేయలేదనను. గుంటూరు ఏసీ కాలేజీ, కుగ్లర్ ఆస్పత్రి మా కళ్ల ముందున్నాయి. అక్షరం, మందు, తలెత్తి నిలబడే ధైర్యం మతం ఇస్తే సంతోషమే. హక్కుకు అర్హత చీటీ రాసే పని మతానిది కాదు. ప్రభుత్వం మతం మొహం చూసి ఆ చీటీ ఇవ్వకూడదు, లాక్కోనూ కూడదు.

ఒక్క విన్నపం. మా జిల్లాకొస్తే కలెక్టరేట్ హాల్లో కాక పల్లె బడి వరండాలో కూర్చోండి. పక్కన వీఆర్వో ఉంటే ఏ తల్లీ నిజం చెప్పదు. కుల ధ్రువీకరణ పత్రాల మీద 1993లో చేసిన చట్టం ప్రకారం తప్పుడు పత్రం నేరం. పత్రం రద్దయితే కొడుకు ఉద్యోగం పోతుంది. మీ ముందు చెప్పిన మాటను బట్టి ఎవరి పత్రమూ రద్దు చేయబోమని ప్రభుత్వం చేత రాతపూర్వకంగా హామీ ఇప్పించి, తెలుగులో అచ్చు వేయించి ఊరూరా అంటించాక వాళ్లను పిలవండి.

భవదీయుడు,
ఒక రిటైర్డు హెడ్మాస్టరు,
గుంటూరు జిల్లా