మాట మారితే గట్టు మారుతుంది

విదేశాంగ విధానమనగానే "సైన్సు వాళ్ళం, మనకెందుకులే" అని పేజీ తిప్పేసే మిత్రులు చాలామంది. కాని మా రాజోలి పక్కన పారే తుంగభద్రే ఒకప్పుడు సరిహద్దు! 1947 ఆగస్టు తర్వాత అవతలి ఒడ్డు స్వతంత్ర భారతం, ఇవతల నిజాం రాజ్యం.

1947 నవంబరు 29న ఢిల్లీకీ నిజాంకూ "యథాతథ ఒడంబడిక" కుదిరింది. భూమి తగాదాలో కోర్టువారిచ్చే స్టేటస్ కో లాంటిదే ఇది. ఎక్కడి గట్టు అక్కడే, తీర్పు మాత్రం కాలేదు. గడువు ఏడాది. ఢిల్లీ పంపిన మున్షీ గారి హోదా "ఏజెంట్ జనరల్". రాయబారి అంటే పరాయి దేశమని ఒప్పుకున్నట్లే గదా!

1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. ఇది మా ఇంటి వ్యవహారమంది ఢిల్లీ. సెప్టెంబరు 13న కదిలింది సైన్యం, ట్యాంకులు. పేరు మాత్రం "పోలీసు చర్య". 17న నిజాం లొంగిపోయాడు.

నిజాం పాలన, రజాకార్ల దౌర్జన్యం పోవలసిందే. అయితే ఆ మెత్తని మాట చాటున అమాయకులపై జరిగిన హింసను చెప్పిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు.

2022లో అదే సెప్టెంబరు 17ను కేంద్రం విమోచన దినమంది, రాష్ట్రం సమైక్యతా దినమంది.

పట్టా అని ఉండాల్సిన చోట కౌలు అని పడితే చేను పోతుందని రైతుబిడ్డలకు తెలుసు. నిర్వచనం తెలియకుండా మనం ల్యాబులో లెక్క కట్టం. మరి దేశాల మాటలను మాత్రం అడక్కుండా మింగడమెందుకు?